ఆది జాకెట్లు రాని ప్రకటన

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, మాఘమాసం పెళ్లిళ్లు ఇంకా రెండు నెలలున్నాయనగా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల బాధ్యత మా ప్రకటనల ఏజెన్సీ వాళ్లు నాకు అప్పగించారు. హోదా రీజినల్ మేనేజర్. కూర్చునేది హనుమకొండలో, జవాబు చెప్పుకోవలసింది హైదరాబాద్‌లోని క్యాంపెయిన్ హెడ్ ప్రదీప్‌కి. అతను వయసులో నాకంటే చాలా చిన్న, హోదాలో రెండు మెట్లు పైన. గోడల మీద రాతలతో, ఆటోల్లో మైకులతో మొదలైన నా ఉద్యోగం అప్పటికి పూర్తిగా ఫోన్లలోకి వచ్చేసింది.

నా చేతికొచ్చిన ఖాతాల్లో అన్నిటికన్నా చిన్నది స్టేషన్ ఘన్‌పూర్‌లో రిజ్వానా నడిపే మగ్గం వర్క్ దుకాణం. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసల పని చేస్తారు. రిపోర్టులో మాత్రం ఆమెదే గొప్ప ఖాతా. ప్రకటనను ఎవరైనా వేలితో నొక్కితే దాన్ని క్లిక్ అంటాం. క్లిక్ ఎంత చౌకగా వస్తే మేనేజర్ అంత సమర్థుడని లెక్క. రిజ్వానాకు అవి కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. ప్రదీప్ ఆ రిపోర్టును కొత్త క్లయింట్లకు గొప్పగా చూపించుకునేవాడు.

నేను వెళ్లిన రోజు రిజ్వానా చాయ్ ఇచ్చి మగ్గాల వైపు చూపించింది. నాలుగింటిలో మూడు ఖాళీగా ఉన్నాయి.

"క్లిక్కులేం జేసుకోవాలె అక్కా? నాకు ఆది జాకెట్లు రావాలె. గీ పెండ్లిళ్లు గూడ గిట్లనే పోతే దుకాణం మూసుడే. నన్ను నమ్ముకున్న గీ ఆడోళ్లకు ఏం చెప్పాలె?" అంది.

ఆది జాకెట్టంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. అది చేతికి వస్తేనే బేరం కుదిరినట్టు. నేను లేవబోతుంటే ఇంకో మాట అంది. "అసలు మా యాడ్ నాకే కనవడ్తలేదక్కా."

మరుసటి వారం సమీక్ష సమావేశానికి హైదరాబాద్ రైలెక్కాను. ఘన్‌పూర్ దాటుతుండగా రిజ్వానా ప్రకటన నా ఫోన్‌లోనే ప్రత్యక్షమైంది. ఎదుటి సీట్లో ఫోన్‌లో ఆట ఆడుకుంటున్నావిడకూ అదే వచ్చింది. ఆమె మూయబోయి పొరపాటున తెరిచింది, విసుక్కుంటూ మళ్లీ మూసింది. మా లెక్కలో అదొక క్లిక్. హెడ్డాఫీసు వాళ్లు ఊరి చుట్టూ ఒక వలయం గీసి, అందులో కనబడే ప్రతి ఆడమనిషికీ, ప్రతి ఆటల యాప్‌లోనూ ప్రకటన చూపించమన్నారు. ఆ వలయం మధ్యలోంచే రైలు పట్టాలు పోతాయి.

దారిలో ఉన్న నాకు కనబడుతోంది, దుకాణంలో ఉన్న రిజ్వానాకు కనబడదు. వెంటనే ఆమెకు ఫోన్ చేసి, నీ ఫోన్‌లో మెయిల్ ఐడీ ఎవరి పేరు మీద ఉందని అడిగాను.

"మా ఆయన పేరు మీద. సెల్‌ఫోన్ల దుకాణపాయన చేసిచ్చిండు. ఏమైందక్కా?"

ఆన్‌లైన్ లెక్కల్లో రిజ్వానా మగవాడు. ఆమె దగ్గరికి రావలసిన ఆడవాళ్లలో ఎందరో కూడా అంతే. భర్త ఐడీలోనో, కొడుకు ఐడీలోనో వీడియోలు చూసుకునేవాళ్లే.

సమావేశంలో ఇదంతా చెప్పాను. రిపోర్టు పచ్చగా ఉంది, కదపొద్దన్నాడు ప్రదీప్. జాకెట్ల ప్రకటన మగవాళ్లకు చూపిస్తే నవ్వుతారన్నాడు. భూపాలపల్లిని కలుపుదామంటే, బొగ్గుగనుల ఊళ్లో మగ్గం వర్కు ఎవరిక్కావాలన్నాడు. నాకు ఒళ్లు మండింది. గని కార్మికుల ఇళ్లలో పెళ్లిళ్లు జరగవా అని అడిగాను. ప్రదీప్ మళ్లీ క్లిక్కుల పట్టికే చూపించాడు. "అయితే ఆ క్లిక్కులకు మీరే కొలతలు తీసుకోండి" అని లేచి వచ్చేశాను.

అనుమతి అడగకుండానే అన్నీ మార్చాను. దాటిపోయేవాళ్లను తీసేసి, అక్కడ నివసించేవాళ్లకే చూపించమన్నాను; అప్పట్లో ఆ వీలుండేది. ఆటల యాప్‌లు తొలగించి, వీడియోల మధ్య మాత్రమే ఉంచాను. మగవాళ్లను చేర్చాను. రైలు పోని దంతాలపల్లిని, భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లను కలిపాను. దూరపువాళ్లు ఆది జాకెట్టును బస్సు పార్సిల్‌లో పంపవచ్చని ప్రకటనలోనే రాయించాను.

క్లిక్కులు ఒక్కసారిగా పడిపోయాయి. రిపోర్టు ఎర్రబడింది. ఎవరి అనుమతితో మార్చారని సంజాయిషీ అడిగారు. "మార్చింది నేనే. మాఘం వెళ్లేదాకా మళ్లీ మార్చను" అని రాసి పంపాను. ఆ వారమంతా ఒక్క జాకెట్టూ రాలేదు. భయమేసింది, అయినా సెట్టింగుల జోలికి పోలేదు.

తర్వాత రిజ్వానా ఫోన్ చేసింది. ఆమె మాటలు ఆగడం లేదు.

"అక్కా, పార్సిల్ల జాకెట్టొచ్చింది! భూపాలపల్లి కెల్లి. వాళ్లాయన వీడియో చూస్తుంటే ఆమె ఫోను గుంజుకొని చూసిందట!"

ఆ వెనకే దంతాలపల్లి నుంచి వచ్చాయి, ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చాయి. మాఘం మొదలయ్యేసరికి నాలుగు మగ్గాల మీదా పని నడుస్తోంది. దుకాణం ఇప్పటికీ ఉంది.

సీజన్ అయ్యాక భూపాలపల్లి జిల్లాను నా నుంచి తీసేసి మరొకరికిచ్చారు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. ప్రకటన ఎవరికి కనబడుతోందో చూసి మురిసిపోవడం కాదు, ఎవరికి కనబడటం లేదో ముందు అడగాలని ఆ ఖాతా నాకు నేర్పింది. రిటైరయ్యేదాకా అలాగే అడిగాను. ఆ సీజన్ చివరి రిపోర్టులో క్లిక్కుల గడి ఎర్రగానే ఉంది. దాని పక్కన నేనే ఇంకో గడి గీసి, వచ్చిన ఆది జాకెట్లు అని రాసి, వాటి లెక్క వేసి, సంతకం పెట్టి పంపాను.