పిన్నీసు కదిలిన నాలుగు టేకులు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, ఓ తెలుగు సినిమా సూరత్ షెడ్యూలుకు నన్ను కంటిన్యుటీ అసిస్టెంటుగా వేశారు. ఒకే సన్నివేశాన్ని రోజుల తేడాతో ముక్కలుగా తీస్తారు. నటి పైట మొదటి ముక్కలో ఎక్కడుందో చివరి ముక్కలోనూ అక్కడే ఉండాలి. అందుకని ప్రతి టేకుకు ముందూ వెనకా ఫొటో తీసి, పుస్తకంలో అంటించి, ఎదురుగా ఒక వరుస రాయాలి. తేడా వస్తే నేను చెప్పాలి, కాస్ట్యూమ్స్ అమ్మాయి సరిచేయాలి. మూడో మనిషి చెయ్యి పడకూడదు. కుర్రతనంలో నేను డైరెక్షన్ శాఖలో పని అడిగితే, ఆడపిల్లవి, ఓ మూల కూర్చుని రాసుకో అని నాకు అంటగట్టిన పుస్తకమది. సరే, రాశాను. నాలా రాసినవాళ్లు లేరు.

షూటింగు సూరత్ పక్కనున్న జోల్వాలో, ఒక మరమగ్గాల షెడ్డులో. నాయిక చెల్లెలి వేషానికి అక్కడ స్థిరపడ్డ తెలంగాణ నేతపనివాళ్ల కుటుంబంలోని స్రవంతిని తీసుకున్నారు. మూడో రోజు భోజనాల వేళ ఆ పిల్ల నా పక్కన వచ్చి కూర్చుంది, ముద్ద ముట్టలేదు.

"మేడం, పైట పిన్నీసు సరిజేస్తనని ఆ కో-డైరెక్టర్ సార్ ఊకె మీద చెయ్యేస్తుండు. ఇంట్ల జెప్తే బాపు పని మాన్పిస్తడు. నాకు ఈ పని గావాలె."

కో-డైరెక్టరంటే డైరెక్టరుకు కుడిభుజం, నాకు రెండు మెట్లు పైన. ప్రొడక్షన్ మేనేజరుకు చెబితే, సాక్ష్యం లేదు కదా, పిల్లనే మార్చేద్దాం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. స్రవంతిని అడిగి, ఆమె చేత సంతకం పెట్టించి, కంపెనీలో ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీకి కాగితం పంపాను.

రింగ్ రోడ్ దగ్గరి హోటల్లో విచారణ జరిగింది. కంటిన్యుటీ తప్పింది కాబట్టే సరిచేశానని కో-డైరెక్టర్ చెప్పాడు. ఆ మాటతో నా నెత్తిన పాలు పోశాడు. పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. నాలుగు టేకుల ఫొటోల్లో అతను ముట్టుకోకముందు పిన్నీసు ఉండాల్సిన చోటే ఉంది, ముట్టుకున్నాకే రెండు వేళ్లు కిందికి జారింది. ఎదురుగా, ఏ పూటకా పూట రాసిన నా రాత: 'తేడా లేదు. కో-డైరెక్టర్ కదిపారు.'

నాకు తనంటే కక్ష అన్నాడు. కమిటీ అధ్యక్షురాలు ఒక వకీలు. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నారు: "కక్ష ఉంటే మీ గురించి రాసేవారు. ఈవిడ పిన్నీసు గురించి రాసుకున్నారు."

అతన్ని సినిమాలోంచి తీసేశారు. స్రవంతి తన వేషం పూర్తి చేసింది. ఆఖరి రోజు వాళ్ల బాపు వచ్చి, మానిటర్ ముందు నిలబడి కూతురి షాటు చూశాడు.

నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునేది ఇదే. అయితే ఆ నాలుగు వరుసల్లో నా విసుగంతా పిన్నీసు మీదే. అతని చెయ్యి పడ్డాక తీసిన నాలుగు ఫొటోల్లోనూ పిల్ల నేలచూపులు చూస్తోంది. మూడు రోజులు నేను పైట మాత్రమే చూశాను. మిగిలిన రెండేళ్లూ పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీసుకున్నాను. దానికి పెట్టిన పేరు 'ముఖం'.