బావమరిది చేతి తాడు

మీ ఇంట్లో జరిగిన ఏ చావును ఏ దేవత ఖాతాలో వేసి మీరు చేతులు దులుపుకున్నారు? కోపం తెచ్చుకోకండి, ఆలోచించి చెప్పండి. నిన్న సాయంత్రం మా ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో ఎవరో గోళీసోడా కొట్టారు. ఆ చప్పుడుకీ, సీసా మెడ దాటి పొంగిన నురగకీ నాకు నర్సయ్య బాబాయి గుర్తొచ్చాడు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఆయన ఫిట్టరు. మా పక్క క్వార్టరు. విశాఖ వైపు సముద్రపుటొడ్డు మనిషి. రైల్వేలో చేరకముందు, రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడి మునిగిన ఒక యుద్ధనౌకలోంచి రాగి, ఇత్తడి పైకి తెచ్చే కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడు. నీళ్ళలోకి దిగేది ఆయన బావ పోలయ్య. తలకు రాగి టోపీ, పైనుంచి గొట్టంలో గాలి, నడుముకు తాడు. పడవ మీద ఆ తాడు పట్టేది నర్సయ్య. తాడు బావమరిదే పట్టాలని వాళ్ళలో ఆచారం. తోబుట్టువు పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడని నమ్మకం. వదలడన్నది నిజమే. లాగేస్తాడని మాత్రం ఎవరూ అనుకోలేదు.

అరవైలలో, నాకు ఇరవై దాటిన కొత్తలో, కాలనీ గ్రంథాలయంలో జంతుబలుల మీద నిప్పులు కురిపించాను. చప్పట్లయ్యాక ఆయన నన్ను గుమ్మం దగ్గర ఆపాడు.

"బాగా సెప్పినావు బాబూ. సెప్పినందుకు నీకు పోయినదేటి?"

"ఏమీ పోలేదు బాబాయ్."

"అయితే ఊరికే సెప్పినావన్నమాట," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. వారం తిరక్కుండా ఆయన అరుగు మీదే వాదనకు కూర్చున్నాను. ఆయన వాదించలేదు. పోలయ్య చావు చెప్పాడు.

"తాడు అదిరింది బాబూ. ఆ ఓడలో సచ్చినోళ్ళు దెయ్యాలై ఉన్నారని పడవలో అందరూ అనేవోరు. బావని పట్టేసినారనుకున్నాను. లాగినాను. మధ్యలో బావ ఒక్క గుంజు గుంజినాడు. ఆపమని గుర్తు. ఆగి ఆగి పైకి రావాలని బావకి తెలుసు, నాకూ తెలుసు. నాను ఆగలేదు."

పోలయ్య ప్రాణంతోనే పైకొచ్చాడట. టోపీ తీయగానే, "ఏట్రా, నానేటి సేపనా, అలా లాగేసినావు?" అని నవ్వి చుట్ట అడిగాడట. అది అంటుకోకముందే వేళ్ళలోంచి జారిపోయింది. పడవ ఒడ్డు చేరేసరికి మనిషి లేడు. గంగమ్మ తీసుకుపోయిందన్నారు అందరూ. నర్సయ్య ఆ గుంజు సంగతి దాచేశాడు. పోలయ్య భార్య అయిన తన అక్క అప్పయ్యమ్మనూ, ఆమె కొడుకునూ ఖరగ్‌పూర్ తెచ్చుకుని పోషించాడు. ఏటేటా ఆమె గంగమ్మకు కోడిని కోసేది. ఆ రోజు ఆయన అన్నం ముట్టేవాడు కాదు.

ఆ కొడుకు నూకరాజు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, అదే పనికి బయలుదేరాడు. తాడు పట్టడానికి బావమరిది సిద్ధం. తల్లి కోడిని తెచ్చింది. నర్సయ్య రెండు గోళీసోడాలు తెచ్చాడు. నన్నూ పిలిచాడు. ఒక సీసా గోళీని బొటనవేలితో ఒక్క పోటు పొడిచాడు. నురగ పొంగి నేలంతా పారింది. రెండోదాన్ని కాస్త నొక్కి, సుయ్‌మన్న గాలిని పోనిచ్చి, వేలు తీసి, మళ్ళీ నొక్కాడు. చుక్క పొర్లలేదు.

"ఏటి మావా, సోడాలతో ఆటలు?" అన్నాడు నూకరాజు.

"లోతులో గాలి నెత్తుట్లో కలిసిపోద్ది. మెల్లగా వస్తే ఇలా పోద్ది. లాగేస్తే నెత్తురు అలా పొంగుద్ది. మీ అయ్యని గంగమ్మ తీసుకెళ్ళలేదురా. ఆపమని గుంజినా ఆపకుండా నానే లాగేసినాను. నువ్వు గుంజితే ఆగేవోణ్ణి పెట్టుకో. సుట్టం అక్కర్లేదు."

అప్పయ్యమ్మ చేతిలోంచి కోడి జారి వాకిట్లోకి పరుగెత్తింది. ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మోరు తీసుకుపోయిందనుకుని పదిహేనేళ్ళు బతికినాను. ఇప్పుడు ఏటనుకుని బతకమంటావు తమ్ముడా?"

అవే ఆయనతో ఆమె ఆఖరి మాటలు. కొడుకుతో వెళ్ళిపోయింది. నూకరాజు తాడు పట్టింది ఏ చుట్టరికమూ లేని ఒక ఒరియావాడు. దిగిన ప్రతిసారీ నూకరాజు ఆగి ఆగి పైకొచ్చాడు. ఈనాటికీ ఉన్నాడు. నర్సయ్య పోయినప్పుడు అప్పయ్యమ్మ వచ్చి శవం దగ్గర కూర్చుంది. ఏడవలేదు.

"ఆ పొద్దే సెప్పుంటే ఒక్కసారే ఏడ్సేది. ఆలీసం సేసినాను," అనేవాడు నర్సయ్య బాబాయి చివరి రోజుల్లో. కలం పట్టినప్పుడల్లా నాకు ఆయన అడిగింది వినిపిస్తుంది: సెప్పినందుకు నీకు పోయినదేటి?

దేవత మీద తోసేసిన నిజం మీ ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఈ వ్యాసాన్ని మెచ్చుకోవద్దు. పక్కన పెట్టి లేవండి. ఎవరికి చెప్పాలో వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈ పూటే చెప్పండి. వాళ్ళు మీతో మాట మానేసినా సరే, చెప్పండి.