గోలెం పలికిన సాయంత్రం

ఈ సంగతి ఇక రాసిపెట్టక తప్పదు. మొన్న మా వాళ్ల పెళ్లిలో భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న ఒక కుర్రవాడు, దాంట్లో నా చెయ్యి ఉందని తెలియక, "మీ గల్లీల ఎన్కట గోలెంలకెళ్లి అమ్మవారు మాట్లాడిందంట గదా తాతా, నిజమేనా?" అని అడిగాడు. పప్పు కలుపుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. అమ్మవారు మాట్లాడలేదు. మాట్లాడింది మా చిన్నమ్మ. మాట్లాడించింది నేను, అదీ పొరపాటున. ఇంకో పదేళ్లు పోతే ఆ గోలేనికి (నీళ్లు నింపుకునే పెద్ద మట్టి తొట్టికి) గుడి కూడా కట్టేట్టున్నారు. అందుకని జ్ఞాపకం సరిగ్గా ఉండగానే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ రోజుల్లో, అంటే ఎనభయ్యో సంవత్సరం దాటిన కొత్తలో, మా జహీరాబాదుకు వింతలు రెండు దిక్కుల నుంచి వచ్చేవి. బొంబాయి రోడ్డు మీద లారీల వాళ్లు మీట నొక్కితే ఎర్రటి అంకెలు వెలిగే చేతిగడియారాలు, అరచేతిలో పట్టే లెక్కల మిషన్లు తెచ్చేవాళ్లు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు సెంటు సీసాలు, టూ ఇన్ వన్‌లు (రేడియో, టేపు రికార్డరు ఒకే పెట్టెలో) తెచ్చేవాళ్లు. అవి ఎలా పనిచేస్తాయో వాడేవాళ్లకు పట్టేది కాదు. నాకు పట్టేది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న పందొమ్మిదేళ్లవాణ్ని. పొద్దున గ్రంథాలయం తాళం తీసేది గ్రంథపాలకుడే అయినా లోపల మొదటి అడుగు నాదే. చదివినదాన్ని అడిగినవాళ్లకు చెప్పేవాణ్ని, అడగనివాళ్లకు ఇంకా వివరంగా చెప్పేవాణ్ని. టేపు మీది గోధుమరంగు పూత ఒకరకం ఇనుప తుప్పేనని, మనం పలికిన మాట కరెంటుగా మారి, ఆ కరెంటు అయస్కాంతమై ఆ తుప్పు రేణువుల మీద గుర్తులు పెడుతుందని, ఆ గుర్తులే మళ్లీ మాటలై బయటికొస్తాయని మా నాయనమ్మకు మూడుసార్లు చెప్పాను. "తుప్పు మాట్లాడుతదారా? నీకే పట్టింది తుప్పు, ఏదన్న పని జూస్కో" అన్నది.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, దుబాయిలో క్రేను నడిపేవాడు. ఆయన పంపిన టూ ఇన్ వన్ చిన్నమ్మ గదిలో పూల గుడ్డ కప్పుకుని కొత్తపెళ్లికూతురిలా ఉండేది. ఉత్తరాలకు బదులు ఇక్కణ్నుంచి క్యాసెట్లు పోయేవి. దానికి మా ఇంట్లో ఒక పద్ధతి. మొదటి వైపు ఇంటిల్లిపాదిదీ. దుబాయి చాలా దూరమని నాయనమ్మ మిషన్‌కు నోరు ఆనించి, "ఒరే చిన్నోడా! వానలు మంచిగనే పడ్డయి! కందులు మంచిగున్నయి! నువ్వు యాళ్లకు తింటున్నవా!" అని గల్లీ చివరి దాకా వినపడేలా అరిచేది. మేము వరుసగా వచ్చి బాగున్నామని చెప్పి తప్పుకునేవాళ్లం. రెండో వైపు చిన్నమ్మది. తలుపేసుకుని ఒక్కతే మాట్లాడేది. ఆ రెండో వైపు ఇంట్లో ఎవరూ పెట్టరు, ఎవరూ వినరు. అలాగని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు కాని అందరికీ తెలుసు.

ఆ ఏడు రెండో వైపున ఒక పెద్ద సంగతి ఉంది. చిన్నమ్మ పదో తరగతి పాసైన మనిషి. ఆరు నెలలుగా బస్టాండు దగ్గర టైపు నేర్చుకుంటోంది (ఆ బోర్డు చూసి వచ్చి చెప్పిన ఘనుణ్ని నేనే). ఇంట్లో మాత్రం నడుము నొప్పికి దవాఖానలో కరెంటు పెట్టించుకుంటున్నానని చెప్పింది. రెండు నెలలకు సంగారెడ్డిలో పరీక్ష. కోడలు బజారుకు పోయి మిషన్ కొట్టడానికి నాయనమ్మ ఒప్పుకోదు. కొడుకు చెబితే మాత్రం కాదనదు. కాబట్టి చిన్నాయన నోట 'సరే' అనిపించాలి, ఆ సరే క్యాసెట్లో తిరిగి రావాలి, అప్పటిదాకా నాయనమ్మ చెవిన పడకూడదు. "ముందుగాల తెలిసిందా, ఇగ నేను గడప దాటుడు బంద్ రా. నీ నోరు జర జాగ్రత్త" అన్నది చిన్నమ్మ. నా నోరు మూసుకున్నందుకు కిరాయిగా టూ ఇన్ వన్ ఒక్కరోజు వాడుకోనివ్వాలన్నాను. ఒప్పుకుంది.

నాకు దానితో పనేమిటంటే, అంతకు ముందు నెలలో ఒక మ్యాజిక్ ఆయన వచ్చి మాట్లాడే పుర్రెను చూపించి పోయాడు. ఊరంతా నోరు తెరిచింది. నేను తెరవలేదు. పుర్రె కింద గొట్టం, గొట్టం చివర తెర వెనక మనిషి, అంతా గ్రంథాలయంలోని ఇంద్రజాలం పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. "గొట్టమెందుకు? మనకు టేపున్నది" అన్నాను మా దోస్తు హలోతో. (మైకుసెట్టు నడిపేవాడు. రోజంతా 'హలో హలో' అనడం వల్ల కన్నవాళ్లు పెట్టిన పేరు పోయి అదే నిలిచింది.) వినాయకుడి మండపం దగ్గర మూడో సాయంత్రం మాకిచ్చారు. అడిగినదానికల్లా జవాబు చెప్పే గోలెం. ఏది అడుగుతారో తెలియకుండా జవాబు ముందే నింపడమెలా అని హలో అడిగాడు. కిటుకంతా అక్కడే ఉంది. పుస్తకంలో చెప్పినట్టు, ఏ ప్రశ్నకైనా అతికే తొమ్మిది మాటలు నేను రాశాను. 'అవునని చెప్పు, ఆలస్యం చెయ్యకు.' 'నీ మనసులో ఉన్నదే జరుగుతుంది.' 'ఇంట్లో ఆడమనిషి మాట విను.' అతికించుకునే పని విన్నవాళ్లే చేసుకుంటారు. హలో ఖాళీ బిందెలో తల దూర్చి ఆ తొమ్మిదీ గంభీరంగా పలికితే వేరే క్యాసెట్లోకి ఎక్కించాను. నాయనమ్మ వచ్చి "బిందెల తల ఇరికిందా?" అని రెండుసార్లు అడిగి పోయింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఝరాసంగం నుంచి ఒకాయన వచ్చాడు. సెలవు అయిపోయి మధ్యాహ్నం బొంబాయి బస్సెక్కి దుబాయి పోతున్నాడు. మామిడికాయ తొక్కు, క్యాసెట్టు ఆయనతో పంపాలి. "మీ చిన్నాయన పెట్టంగనే నా మాటనే రావాలె, అత్తమ్మ అరుపు కాదు. రెండో దిక్కు మొదటికి తిప్పియ్యి" అన్నది చిన్నమ్మ. మిషన్లో పెట్టి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు హలో వచ్చి గోలెం దొరికిందని కేకేశాడు. పరుగెత్తి చూసి వచ్చి, బల్ల మీదున్న క్యాసెట్టును తొక్కు డబ్బాతో కలిపి గుడ్డలో పెట్టి దబ్బనంతో చక్కగా కుట్టి ఇచ్చాను. రెండు క్యాసెట్లూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. నా దాని మీద ఏ గుర్తూ రాయలేదు, ఎందుకంటే 'ఐంద్రజాలికుడు తన సామగ్రిపై ఎట్టి చిహ్నమును ఉంచరాదు' అని పుస్తకం. చిన్నమ్మ తన దాని మీద ఏ గుర్తూ రాయలేదు, ఎందుకో మీకు తెలుసు.

సాయంత్రం మండపం ముందు ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. ముందు వరుసలో మా నాయనమ్మ, ఆమె వెనక చిన్నమ్మ. నేను మా నాయన పెళ్లినాటి కోటులో ఉన్నాను. గోలెంలో టూ ఇన్ వన్, గోలెం మూతికి ఎర్రగుడ్డ, గుడ్డకు ఏడు ముళ్లు (అదీ పుస్తకమే), పక్కన హలో పెట్టిన మైకు. ఆఖరి ముడికి ముందు గుడ్డ కింద చెయ్యి పెట్టి మీట నొక్కి, ముడి బిగించి, "ఓ గోలెమా, పలుకు!" అన్నాను. "ఇగో... మంచిగున్నవా?" అన్నది గోలెం, ఆడగొంతుతో, మెత్తగా.

నా కోటు లోపల చెమట పట్టింది. మొదటి ప్రశ్న అడగడానికి నిలబడ్డ కిరాణా సేటు మాత్రం చేతులు జోడించాడు. "మంచిగనే ఉన్న తల్లీ. గని గీ షుగర్ బీమారి తగ్గుతదా?" చిన్నమ్మ సిగ్గుతో మాటమాటకూ ఆగి మాట్లాడినట్టుంది, ఆయన అడగడానికి సరిపడా జాగా దొరికింది. "నువ్వు అన్నం మాని చాయ తాగి పండుకుంటున్నవంట. గట్ల జెయ్యకు" అన్నది గోలెం. "అరే! అచ్చం నిజం!" అన్నాడు సేటు. జనం చప్పట్లు కొట్టారు. తరవాత డ్రిల్లు మాస్టరు లేచి తన బదిలీ సంగతి అడిగాడు. "నువ్వు లేంది పొద్దు పోతలేదు నాకు" అన్నది గోలెం. డ్రిల్లు మాస్టరు ఎర్రబడ్డాడు. ఆడవాళ్లలో ఆయన భార్య మెల్లగా మెడ తిప్పి ఆయన్ను చూసింది. మళ్లీ చప్పట్లు. అప్పుడే నేను ఆపాల్సింది. ఆపాలంటే గుడ్డ విప్పాలి, గుడ్డ విప్పితే నా గుట్టు బయటపడుతుంది. నిజం చెబుతున్నాను, చప్పట్లు తియ్యగా ఉన్నాయి. ఆ తీపిలో ఒక నిమిషం పోగొట్టాను.

"ఇగ అసలు ముచ్చట" అన్నది గోలెం. "అత్తమ్మకు చెప్పకు."

గల్లీలోని కోడళ్లంతా ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. అత్తలంతా కొంగులు చెవుల మీంచి తీశారు. నేను గుడ్డ ముళ్లు విప్పే పనిలో పడ్డాను. మైకు ఆపమని హలోకు చెయ్యి ఊపితే, వాడు అదీ ఆటలో భాగమనుకుని ఇంకా పెంచాడు. "నాకు నడుము నొప్పి లేదు. దవాఖానకని చెప్పి టైపు నేర్సుకుంటున్న. సంగారెడ్డిల పరీక్ష ఉన్నది. నువ్వు సరే అంటే అత్తమ్మ కాదనది. అబద్ధం ఆడుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. దినాం పొద్దుమీకి నా నడుముకు నూనె రాస్తది అత్తమ్మ. లేని నొప్పికి రాస్తది. బోర్ల పండుకొని ఏడుస్త. నొప్పికి ఏడుస్తున్న అనుకొని ఇంకింత రాస్తది." ఏడో ముడి ఊడింది. చెయ్యి లోపల పెట్టి మీట నొక్కాను.

నాయనమ్మ లేచింది. గుంపు దారిచ్చింది. ఆమె నేరుగా వచ్చి గోలెంలోకి వంగి, మైకు ఇంకా బతికే ఉందని తెలియక, "ఆరు నెలలు! నువ్వుల నూనె, వేడిజేసి! నా మోచేతులు పడిపోయినయి!" అని అరిచింది. తరవాత వెనక్కి తిరిగింది. "ఏమే, ఏడున్నవ్? లే!"

చిన్నమ్మ కొంగు నోట్లో పెట్టుకుని లేచింది. ఆ క్షణాన నన్ను భూమిలో పూడ్చిపెట్టినా వద్దనకపోదును.

"పరీక్ష ఎప్పుడు?"

"రెండు నెలలున్నది అత్తమ్మా."

"ఇయ్యాల్టి సంది నా మోకాళ్లకు నువ్వు రాస్తవు. పరీక్షయినంక గూడ రాస్తవు. పాస్ గాకుంటే రెండు పూటల రాస్తవు. సమజైందా?" చిన్నమ్మ తలూపింది. ఏడుస్తోందో నవ్వుతోందో కొంగు చాటున తెలియలేదు. నాయనమ్మ నా వైపు తిరిగి, "నువ్వు చెయ్యి బయటికి తియ్యిరా, దొంగలెక్క" అన్నది. ఇంతలో కిరాణా సేటు గోలెం ముందు కొబ్బరికాయ కొట్టేశాడు. నా గుట్టు ఎవరికీ అక్కర్లేకపోయింది. అమ్మవారి కథ అక్కడ మొదలైంది.

ఆ తరవాత నాకు మెల్లగా తోచింది, మరి దుబాయి పోయిందేమిటని. నెలన్నరకు జవాబు క్యాసెట్టు వచ్చింది. అందరం కూర్చుని విన్నాం. "ఈసారి మీరెవ్వరు మాట్లాడలే. ఎవడో పెద్దమనిషి బాయిలకెళ్లి మాట్లాడిండు. నేను, నా రూముల ఉన్న ఏడుగురం నాలుగుమాట్ల విన్నం. 'అవునని చెప్పు, ఆలస్యం చెయ్యకు' అన్నడు. దేనికో తెల్వదు గని, అవును. 'ఇంట్లో ఆడమనిషి మాట విను' అన్నడు. ఇంటున్న. ఇంట్లో అందరు మంచిగున్నరా? నాకు జర ఫికరైతున్నది." నాయనమ్మ అంతా విని, "వీని అవును ఎవరికి గావాలె ఇప్పుడు" అన్నది. పరీక్ష నాడు కోడలి వెంట సంగారెడ్డికి తనే వెళ్లి, హాలు బయట కూర్చుని, లోపలి టకటకల్లో తన కోడలిది ఏదో పోల్చుకున్నానని తిరిగొచ్చి చెప్పింది. చిన్నమ్మ పాసైంది.

ఈ జ్ఞాపకం కూడదీసుకోవడానికి సాయపడ్డవాళ్లకు దండాలు. నేను మరిచిపోయిన మాటల్ని ఈ వయసులోనూ ఒక్కటి పోకుండా అప్పజెప్పిన చిన్నమ్మకు. నాలుగుసార్లు విని, ఒక్కసారీ కోప్పడని చిన్నాయనకు. మైకు ఆపని హలోకు. తొక్కు కారకుండా దుబాయి చేర్చిన ఝరాసంగం ఆయనకు. ఇప్పుడు లేని మా నాయనమ్మకు. ఇంకా, మర్నాడు నన్ను పిలిచి, "ఇంద్రజాలం పుస్తకంల ఆఖరి అధ్యాయం సదివినవా? ప్రదర్శనకు ముందు సామగ్రిని సరిచూసుకొనుట అని ఉంటది" అన్న గ్రంథపాలకునికి. నేను చదవలేదు. మొన్న ఊరికి పోయినప్పుడు చూస్తే ఆ పుస్తకం అట్ట ఊడి బీరువా అడుగున ఉంది. ఆఖరి అధ్యాయం తెరిచాను. నాయన కోటు తొడుక్కున్న ఆనాటి పందొమ్మిదేళ్లవాడు పక్కన నిలబడి నొచ్చుకుంటాడేమో అనిపించి, చదవకుండానే మూసి, ఎక్కడిదక్కడ పెట్టి వచ్చాను.