అలక ఎన్ని గంటలు?

సభలో జనమంతా నా పాండిత్యానికి మురిసి నవ్వుతున్నారనుకున్నాను. ఆ తెలివికి నా కాపురం మూడు రోజులు మూతపడింది. ఎలాగో చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు, అలవాటైపోయింది.

డెబ్బైల చివర పుంగనూరులో తెలుగు మాస్టరుగా ఉండేవాణ్ణి. అలిగితే అలక, మురిస్తే మురిపెం, బెదిరితే బెదురు. ఈ పేర్లు మనసులో పుట్టేదానికా, మొహంలో కనబడేదానికా? తేల్చి ఒక వ్యాసం రాయాలని పూనుకున్నాను. ఉదాహరణలకు ఊరంతా తిరగడమెందుకు? ఇంట్లో మా ఆవిడ సరోజ ఉంది, చేతిలో డైరీ ఉంది. ఆమె అలిగితే బుజ్జగించడం మాని, గడియారం చూసి రాసుకునేవాణ్ణి.

మదనపల్లెలో ఉపాధ్యాయుల సభ పెట్టారు. కుప్పం నుంచి మా మామ మునెప్ప వచ్చి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు వరసలో పెళ్ళిపెద్దలా మీసం దువ్వుతున్నాడు. నేను నా వ్యాసం చదవడానికి గొంతు సవరించుకున్నాను.

“అలక: పొద్దున ఆరుంబావు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. కారణం, పుట్టింటి ఊరగాయలో ఉప్పెక్కువని నేననడం. మురిపెం: మామగారు వచ్చిననాడు భార్య మొహంలో, ఆయన బస్సెక్కిననాడు నా మొహంలో.”

పైకప్పు లేచిపోయేంత నవ్వు. ఉత్సాహంగా పేజీ తిప్పాను. మామ లేచాడు.

“లెయ్యమ్మా సరోజా. నేను బస్సెక్కితే అల్లుడు మురుస్తాడంట. నువ్వూ ఎక్కు, ఇంగా మురుస్తాడు.”

ఇద్దరూ కుప్పం వెళ్ళిపోయారు. ఇల్లు బావురుమంది. మూడో రోజు నేనూ వెళ్ళాను. మామ గడపలోనే కూర్చున్నాడు.

“యాల వచ్చినావప్పా? బుక్కు నిండలేదా?”

“తప్పయింది మామా. సరోజ యాడుండాది?”

“ఈడనే ఉండాను,” అంది సరోజ తలుపు వెనకనుంచి. “మూడు దినాలుగా అలిగే ఉండాను. గడియారం సూసుకున్నారా?”

“డైరీ కూడా తేలేదు. నీకింకా కోపమేనా?”

“కోపమైతే మీరు రాకపోయినా పోనీలే అనుకుందును. అలకంటే, ఎవురో వచ్చి పిలుస్తారని తలుపు పక్కనే కాసుకోని ఉండేది. అంత సదివి ఇది తెలీదా?”

ఏడాదిపాటు రాసిన వ్యాసం ఆ గడపలో చిత్తుకాగితమైంది. ఎంత చక్కటి అర్థం! నా చెయ్యి తనంతట తానే జేబులో పెన్ను వెతికింది.

“సూడు నాయినా, మళ్ళా రాసుకుంటాండారు!”

మామ పకపకా నవ్వాడు. పెన్ను ఆయన చేతిలో పెట్టి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను: సరోజ మనసు సంగతి ఇక నా డైరీకెక్కదు.

ఆ మాట నేటికీ తప్పలేదు. అప్పటినుంచి వాతావరణం మాత్రమే రాస్తున్నాను. ఇది రాస్తుండగా ఆమె వెనక నిలబడి మొత్తం చదివింది. ఇవాళ్టి డైరీ: పొద్దున మంచి ఎండ. ఇప్పుడు, వంటింటి వైపు ఉరుములు.