అన్నం పెట్టి అనుమానించిన మా మేనత్త

మా మేనత్త పోయిందని పోయిన నెల ఒక పొద్దున బాబాయి ఫోన్ చేశాడు. నేను నమ్మలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఒకరు చెప్పడమేంట్రా, నేను కళ్ళారా చూసే వచ్చాను."

"సరిగ్గా చూశావా?"

బాబాయికి కోపం రావాలి, రాలేదు. "నేనూ రెండుసార్లు చూశాన్రా. ఆవిడ సంగతి తెలుసుగా" అన్నాడు.

పాఠకులు నన్ను తప్పుపట్టకూడదు. చావు కబురును ఎలా స్వీకరించాలో నాకు నేర్పింది ఆవిడే. "కబురు తెచ్చినవాడి మొహం చూడకు, కాళ్ళు చూడు. నిజమైతే దుమ్ము కొట్టుకుని ఉంటాయి" అనేది. ఫోనులో కాళ్ళు కనపడవు. అందుకని తిరువూరులో ఆటో ఎక్కి ఊరికి వెళ్ళి, సొంతంగా విచారణ జరిపి, అనుమానానికి తావు లేదని తేలాకే ఏడ్చాను. ఆవిడ బతికుంటే నా పద్ధతిని మెచ్చుకునేది. ఏడుపును మాత్రం నమ్మేది కాదు.

మా ఊరు తిరువూరుకి మరీ దూరమేమీ కాదు, కాకపోతే పైన ఉంటుంది. మ్యాపులు గీసేవాళ్ళు దాన్ని గుట్ట అంటారు. గ్యాస్ బండ భుజానేసుకుని ఎక్కినవాడెవడూ గుట్ట అనడు. తారు రోడ్డు కింద మామిడి తోటల దగ్గరే ఆగిపోయేది, అక్కణ్ణుంచి రాళ్ళ బాట. సిమెంటు బస్తా అయినా, పెళ్ళికూతురైనా, నడిచో మోయించుకునో పైకి చేరాల్సిందే. ఫోను సిగ్నలు ఊరంతటికీ ఒక్క బండ మీదే అందేది. దాంతో ఎవరి అల్లుడు అలిగాడో ఊళ్ళో అందరికీ తెలిసిపోయేది. ఇలాంటి ఊరికి ఊరికే ఎవడూ రాడు. కొండెక్కి వచ్చినవాడికి ఏదో పని ఉండే ఉంటుంది. ఆ పనేమిటో తేల్చే బాధ్యతను, ఎవరూ అప్పగించకుండానే, మా మేనత్త తలకెత్తుకుంది.

బాట పైకి రాగానే మొదటి ఇల్లు ఆవిడదే. మామయ్య పోయాక ఆ ఇంటి అరుగే ఆవిడ కచేరీ. వచ్చినవాడు రొప్పుతూ నిలబడితే మొదటి ప్రశ్న, "ఎవరింటికి బాబూ?" రెండో ప్రశ్న, "తిన్నావా?" ఈ రెండోది మర్యాద కోసమని చాలామంది పొరబడేవాళ్ళు. కూర్చోబెట్టి, విస్తరేసి, పప్పూ నెయ్యీ వడ్డించి అప్పుడు మొదలుపెట్టేది. "నోట్లో ముద్ద పెట్టుకుని అబద్ధమాడేవాడు తక్కువరా. ముద్ద అడ్డం పడుద్ది" అన్నది ఆవిడ సిద్ధాంతం.

ఒక వేసవిలో మామిడికాయల వ్యాపారి వచ్చాడు. "ఈ ఏడు రేటు లేదు పెద్దమ్మా. కాయంతా మంగు పట్టింది" అని నిట్టూర్చాడు.

"అయ్యో పాపం. ఇంకాస్త నెయ్యి వేసుకో నాయనా. నూజివీడులో ఎంత పలుకుతోంది?"

ముద్ద నమలుతూ ఆయన ఉన్న రేటు ఉన్నట్టు చెప్పేశాడు. చెప్పాక తెల్లమొహం వేశాడు. "పెరుగు పొయ్యనా?" అంది మేనత్త.

పాల ప్యాకెట్టును ఆవిడ చివరిదాకా నమ్మలేదు. "గేదె లేకుండా వచ్చాయంటే ఆలోచించాలి" అనేది. నెలకోసారి పైకొచ్చే నర్సమ్మ మాత్రలిస్తే, ముందు నర్సమ్మకి భోజనం పెట్టి, ఇవి నువ్వూ వేసుకుంటావా అని అడిగేది. నేను డిగ్రీ పాసై వచ్చిన రోజున ఊరంతా సంతోషించింది. ఆవిడ కంచం తెచ్చి నా ముందు పెట్టి, "ఇప్పుడు చెప్పు అల్లుడూ. నిజంగానే పాసయ్యావా?" అంది. రెండు ముద్దలయ్యేసరికి ఇంగ్లీషులో అత్తెసరు మార్కులొచ్చాయని ఒప్పుకున్నాను.

ఇంత పకడ్బందీ పద్ధతి ఒకే ఒక్కసారి దెబ్బతింది. ఊరికి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.

రెండేళ్ళ కిందట ఎండాకాలం మొదట్లో ఒక సర్వేయరు, వెంట ఇద్దరు మనుషులు పైకొచ్చారు. సర్వేయరు పాతికేళ్ళవాడు, తిరువూరులో ముస్లిముల అబ్బాయి. రోడ్డు కోసం కొలవాలన్నాడు. మేనత్త అరుగు మీద కూర్చోబెట్టి, "తిన్నావా?" అంది.

"వద్దమ్మా."

"మజ్జిగ?"

"వద్దమ్మా."

"మంచినీళ్ళు?"

అబ్బాయి నవ్వి తల అడ్డంగా ఊపి లేచిపోయాడు. నడినెత్తిన ఎండ, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా గ్లాసు ముట్టలేదు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కొండను క్వారీకి అప్పగిస్తారని అప్పటికే ఊళ్ళో ఒక పుకారు నడుస్తోంది. "రోడ్డట, రోడ్డు! మంచినీళ్ళు కూడా ముట్టలేదంటే వాడు మనకి చెప్పలేని పని మీదొచ్చాడు" అని మేనత్త తీర్పు చెప్పింది. వాళ్ళు దిగిపోగానే బాట వెంట గుర్తుకు పాతిన కొయ్య మేకులన్నీ పీకి పొయ్యిలో పెట్టింది. ఊరంతా మెచ్చుకుంది. నేను చప్పట్లు కూడా కొట్టాను.

రోడ్డు మాట మళ్ళీ వినపడలేదు.

ఆ వానాకాలం మా పక్కింటి కోడలికి నొప్పులొచ్చాయి. నవారు మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోస్తూ దిగారు. రాళ్ళ మీద నీళ్ళు, కాలు నిలవడం లేదు. సగం దారిలో మంచం దించక తప్పలేదు. బిడ్డ అక్కడే, నాలుగు గొడుగుల కింద పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని ముందే చెప్పేస్తున్నాను, పాఠకులు కంగారు పడొద్దు. ఒక గొడుగు పట్టుకుంది మా మేనత్తే. మంచం మోసినవాళ్ళలో ఒకడు చేతులు దులుపుకుంటూ, "రోడ్డుంటే ఈపాటికి ఆస్పత్రిలో ఉండేది" అన్నాడు. ఎవర్నీ ఉద్దేశించి అన్నది కాదు. ఆ రోజు సాయంత్రం అరుగు ముందునుంచి ఎవరో కొత్త మనిషి వెళ్ళాడు. ఆవిడ ఏమీ అడగలేదు.

మళ్ళీ ఎండలు మొదలయ్యాక, రోడ్డు సంగతి కనుక్కుందామని నేను తిరువూరులో ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఆ అబ్బాయే. టీ తెప్పించబోతే, "వద్దండీ, రంజాన్ ఉపవాసం" అన్నాడు. ఆగి, "పోయినేడు మీ ఊరొచ్చినప్పుడూ ఉపవాసమేనండీ. మీ మేనత్తగారి పప్పు తాలింపు వాసన మాత్రం భరించలేకపోయాను" అని నవ్వాడు.

ఊరికొచ్చి చెప్పాను. మేనత్త, "నిజంగానే ఉపవాసమా? అన్నం తింటూ చెప్పాడా?" అని, తన ప్రశ్న తనకే వినపడి నోరు మూసుకుంది.

మర్నాడు క్యారియర్ కట్టుకుని, నన్ను వెంటేసుకుని కొండ దిగింది. పప్పు, గోంగూర పచ్చడి, గడ్డ పెరుగు. ఆ అబ్బాయి ఇంటి వరండాలో సాయంత్రమంతా కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగలేదు. "ముందు నువ్వు తాగు, తర్వాత నేను" అంది. మధ్యమధ్య నన్ను వీధిలోకి తోలుతోంది. "అల్లుడూ, పొద్దు గుంకిందేమో సరిగ్గా చూడు. ఒక్క నిమిషం ముందయినా పిల్లాడికి పాపం తగులుద్ది."

మసీదు నుంచి అజాన్ వినపడింది. అబ్బాయి ముందు ఆవిడకో ఖర్జూరం ఇచ్చాడు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, "లోపలేముంది?" అంది.

"గింజ పెద్దమ్మా."

అబ్బాయి తిన్నాక తనూ తింది. పప్పన్నం కలిపి పెట్టి, "మేకులు పీకింది నేనే. పొయ్యిలో పెట్టాను" అంది.

"ఊరికి రోడ్డు ఇష్టం లేదనుకున్నాం పెద్దమ్మా."

"ఊరు కాదు, నేను. మళ్ళీ కొలుస్తావా?"

"కొలుస్తాను. కానీ..." ముద్ద మింగి తలెత్తాడు. "ఒక పక్క అంతా బండరాయి. రోడ్డు మీ అరుగు మీదుగా పోవాలి. పోయినేడు ఆ మాట చెప్పడానికే మీ అరుగు మీద కూర్చున్నాను. నోరు రాలేదు."

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ వాడి నోటి వంక చూస్తోంది. కాసేపటికి పెరుగు గిన్నె ముందుకు జరిపి, "కడుపునిండా తిను" అంది.

మర్నాడు గడ్డపార నా చేతికిచ్చింది. "వాళ్ళు కొడితే గోడ కూడా పడుద్ది. అరుగు నువ్వే కొట్టు, జాగర్తగా" అంది. నేను కొడుతున్నంతసేపూ పక్కనే నిలబడి, పని ఎగ్గొడుతున్నానేమోనని అనుమానిస్తూనే ఉంది. తర్వాత గడప లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంది. కంకర పోసినవాళ్ళకీ, రోలరు తోలినవాడికీ వంతులవారీగా వండిపెట్టి, కంకర ఎంత మందాన పోశారో రాబట్టింది. తారు పడకముందే, ఒక రాత్రి నిద్రలో పోయింది.

మనుషుల్ని నమ్మడం గొప్ప గుణమని పుస్తకాల్లో చదువుకున్నాను. నిజమే కావచ్చు. కానీ నమ్మినవాళ్ళలో ఎవరూ నన్నంతసేపు ఎదురుగా కూర్చోబెట్టుకుని, కడుపు నింపి, కళ్ళలోకి చూడలేదు. నమ్మేశాక ఇక చూడటం దేనికి అనుకుంటారు కాబోలు.

ఇప్పుడు ఆటోలు పైదాకా వస్తున్నాయి. మొన్న పక్కింటి కోడలు జ్వరమొచ్చిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని, చెప్పులైనా తడవకుండా ఆస్పత్రికి దిగింది. ఆటో వచ్చి ఆగేది సరిగ్గా అరుగు ఉన్నచోటే. వెనక గోడ అలాగే ఉంది. దాని మీద, మనిషి కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, ఏళ్ళ తరబడి ఆముదం పీల్చుకున్న గుండ్రటి నల్ల మరక. కింద కూర్చోడానికి ఏమీ లేదు, రోడ్డు తప్ప. మొన్న ఆటో దిగిన ఒక కొత్త మనిషి చిల్లర కోసం జేబులు తడుముకుంటూ ఆ గోడకి ఆనుకోబోయాడు. మరకను చూసి, ఎందుకో, రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డాడు.