చప్పిడి కూర

నల్లగండ్ల అపార్ట్‌మెంటులో సత్తయ్య తాత తిన్న వెంటనే నడుం వాల్చగా ఎవరూ చూడలేదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని బాల్కనీలో పహరా కాస్తూ, ఎదుటి గాజు ఆఫీసులకు వినిపించేలా త్రేన్చేవాడు. రాత్రయితే మూడు దిండ్లకు చేరగిలబడి, నవాబులా కూర్చునే నిద్రపోయేవాడు. ఛాతీలో మంట లేచినప్పుడల్లా తిట్లు మాత్రం మల్లవ్వ నానమ్మకే. "నీ చేతి కారమే నన్ను తింటున్నదే!" ఆమె ఇంట్లో మిరపకాయే మానేసింది. ఏళ్ల తరబడి ఇద్దరికీ ఒకటే చప్పిడి కూర. మంట తగ్గలేదు, తిట్లూ తగ్గలేదు. చివరికి మనవలు దవాఖానకు లాక్కెళితే, డాక్టరమ్మ కోత లేకుండా నోట్లోంచి గొట్టం పంపి, అన్నవాహిక అడుగున వదులైన కండరాన్ని బిగించింది. "ఇన్నేళ్ల మంటకు అసలు కారణం ఇదేనండి తాతగారూ, వంట కాదు," అంది. తాత నానమ్మ వైపు చూడలేదు.

గంజి రోజులు గడిచి, ఇక ఏదైనా తినవచ్చన్న రోజున తాత పెళ్లికొడుకులా తయారై కూర్చున్నాడు. "ఏమే, ఎన్కటి లెక్క పచ్చిమిర్చి తొక్కు నూరవా జర?" నానమ్మ నూరింది. తాత లొట్టలేసుకుంటూ తిన్నాడు. మంట లేదు. "నువ్వు గూడ తినే," అని ముద్ద కలిపి ఇచ్చాడు. ఒకప్పుడు పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ జొన్నరొట్టె తిన్న మనిషి, ఆ ముద్దకే పొలమారి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాతోని అయితలేదయ్యా. నాలుకకు అలవాటు పోయింది," అని నవ్వింది. తాత తొక్కు గిన్నె మీద మూత పెట్టాడు. "రేపు సొరకాయ వండే, చప్పగ," అన్నాడు. త్రేన్పు రాకపోయినా బాల్కనీలోకి పోయి, చాలాసేపు ఛాతీ మీద చెయ్యి వేసుకునే నిలబడ్డాడు.