విరిగిన రెట్టతో సంగటి కెలికిన రోజు

కోత పండగ విందులో సంగటి మాడి, చర్చి అయ్యగారి ప్రసంగం మధ్యలో ఆగి, నేను ఆటోలో కర్నూలు ఆస్పత్రికి చేరిన కథ చెబుతాను. అన్నిటికీ కారణం నేనే. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. జాలి పడితే మాత్రం ఊరుకోను.

మాది నందికొట్కూరు పక్క పల్లె. పంట చేతికొచ్చాక గుమ్మడికాయో, జొన్నలో, కోడో చర్చికి కానుక ఇచ్చి, అందరం కలిసి తినడమే మా కోత పండగ. ఆ విందుకు పెద్ద డేగిసాలో రాగి సంగటి కెలికేది నేను. కెలికే కట్టె మా అత్త నా చేతికిచ్చింది. కూతురైన తనకివ్వకుండా కోడలికిచ్చిందని మా వదిన రూతమ్మకు అప్పటినుంచీ మంట.

ఆ ఏడు నాకు యాభై తొమ్మిది. పండగ ముందురోజు కానుక కోడిని పట్టబోయి పెరట్లో బండ మీద జారాను. పీట మీద కూర్చోబోయి గురి తప్పినంత, అంతే. కుడి భుజం కింద, రెట్టలో మాత్రం టప్పుమంది. కోడి కూడా పారిపోవడం మరిచిపోయి నన్నే చూసింది.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమయింది మే?"

"బెణికింది."

"రెట్టంతా నల్లగా అయితాండాది. ఆస్పత్రికి పోదాం పా. రేపు సంగటి మా అక్క కెలుకుతాది లే."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ చెయ్యి గూడా ఇరుగుతాది!"

"నా చెయ్యి గూడానా? అంటే నీది ఇరిగినట్టే గదా?"

"ఇరగలేదు. బెణికింది. రాగి సంగటి ఎముకలివి! నేను పడితే బండకే దెబ్బ తగలాల."

తెల్లారేసరికి నలుపు మోచేతి దాకా దిగింది. శాలువా కప్పుకొని చర్చికి పోయాను. వదిన గుమ్మం దగ్గరే పట్టుకుంది.

"ఏం మే సారా, ఇంత ఎండలో శాలువా ఏంది?"

"చలి."

"కర్నూలు జిల్లాలో చలా? కట్టె ఇట్టా తే, నేను కెలుకుతా."

"నాకు ఊపిరుండగా ఇయ్యను వదినా."

రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవకూడదంటారు. నేను తలతో పాటు చెయ్యి కూడా పెట్టాను. చర్చి బయట పొయ్యి మీదున్న డేగిసాలోకి ఎడమ చేత్తో కట్టె దించి, కుడి చెయ్యి ఊతంగా ఆనించి, ఒక్క తిప్పు తిప్పానో లేదో, "ప్రభువా!" అని చర్చి పెంకులు లేచేలా అరిచాను.

"స్తోత్రం!" అన్నారు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు.

"అయ్యో దేవా!" అన్నాను.

"హల్లెలూయా!" అన్నారు ఇంకా గట్టిగా. లోపల ప్రసంగం ఆపేసి అయ్యగారు కూడా చప్పట్లు అందుకున్నారు.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆత్మ దిగినాది! చేతులెత్తి స్తుతించు మే!" అంటూ నా కుడి చెయ్యి పట్టుకొని ఆకాశానికి ఎత్తింది.

అప్పుడు నేనన్న మాటలు బైబిల్లో ఎక్కడా లేవు. ఇది దేవుడి పని కాదని వాటితోనే అందరికీ అర్థమైంది. ఈ హడావిడిలో సంగటి మాడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. "రెట్ట ఎముక పైన, భుజం దగ్గర విరిగిందమ్మా. మీ ఎముకలు గుల్లబారాయి. ఈ వయసులో చాలామంది ఆడవాళ్ళకు ఇంతే. చిన్నగా పడినా విరుగుతాయి."

"గుల్లా? నావా? పుట్టినప్పటినుంచీ రాగి సంగటే మేడమ్!"

"రోజూ ఎంత తింటారు?"

"కెలికేది శానా మేడమ్," అన్నాను.

"తినేది అడిగాను."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదంటారు. వడ్డించేది మనమే అయితే కడబంతికి డేగిసా అడుగే మిగులుతుంది. ఇన్నేళ్ళూ నేను ఆ అడుగు గీకి తిని, పైన ఇంత టీ తాగి బతికాను. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి విరిగినందుకు కాదు, "నువ్వు తిన్నావా?" అని ఇంట్లో ఎవరూ అడగనందుకు, నన్ను నేను కూడా అడగనందుకు. మా ఆయన తల దించుకున్నాడు. దించుకోనీ అనుకున్నాను.

చెయ్యి మెడకు కట్టారు. కట్టు విప్పాక గోడ మీద వేళ్ళు పాకించే కసరత్తు చేయించారు, ఎముకలకు మాత్రలిచ్చారు. చెయ్యి చెవి దాకా లేచింది.

మరుసటి కోత పండగకు వదినే సంగటి కెలికింది. ముద్దలు చేయగానే నేను కంచం తీసుకొని మొదటి బంతిలో, మగవాళ్ళ మధ్య కూర్చున్నాను. సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, ఆడోళ్ళది కడబంతి గదా?"

"నా ఎముకలు అంతవరకూ ఆగవప్పా."

ఆయన సాయం కోసం వదిన వైపు చూశాడు. వదిన కట్టె కింద పెట్టి, చెయ్యి కడుక్కొని, కంచంతో నా పక్కకొచ్చింది.

"జరుగు మే. నావీ గుల్లే అయ్యుంటాయి."

"మరి వడ్డించేదెవరు?" అన్నాడు పెద్దాయన.

"నీ చేతులు గట్టిగానే ఉండాయి గదప్పా," అంది వదిన.

కాబట్టి సంఘం ఎదుట, రెండు చేతులూ చెవుల దాకా ఎత్తి ప్రమాణం చేస్తున్నాను: విరిగిన చేత్తో ఇక జన్మలో సంగటి కెలకను. కడుపు ఖాళీగా ఉంటే, బాగున్న చేత్తో కూడా కెలకను. ఆమేన్.